చెల్లెలి కాళ్లలో అక్క అలుపు

దగ్గరికి జరగండమ్మా, ఇంకొంచెం. ఆ ముక్కాలిపీట ఇటు లాక్కోండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు. పైగా చెబుతున్నప్పుడు నా మొహం మీకు కనిపించాలి, నేను ఎక్కడెక్కడ సిగ్గుపడుతున్నానో మీకు తెలియాలి. నేను చదివింది మూడో తరగతి. నాలుగులో చేరిన వారానికే మేకల వెంట పంపించారు. అయితేనేం, చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు నా తలలో ఉండిపోతుంది. ఫలానా రోజు ఏం వండావు ఓబులమ్మా అని అడిగితే ఇప్పటికీ చెప్పేస్తాను. ఈ కథ కూడా వంటల గుర్తు పట్టుకునే చెబుతాను, వేరే దారి నాకు తెలియదు.

మాది రాయచోటి పక్క. నాకంటే రెండేళ్లు పెద్దది మా అక్క సాలమ్మ. మా అక్కంటే నాకు కుళ్లు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ సుళువు, నాకూ సుళువు. అది పొడుగు, నేను పొట్టి. దాని చేతి కూరకు రుచి ఎక్కువ. అదే తిరగమోత నేను పెడితే ఎవరూ తలెత్తి చూడరు, అది పెడితే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకొచ్చేవాళ్లు. ఒక్క బిడ్డను కనడంలో మాత్రం నేను నాలుగు నెలలు ముందున్నాను. నా కూతురు హంసవేణి. నాలుగు నెలలకు దాని కూతురు చౌడేశ్వరి. అందుకే చౌడి నా బిడ్డను అక్కా అని పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా కడుపు చల్లగా ఉండేది.

మేమిద్దరం వంటకని ఎడారి దేశం వెళ్లాం. ఊళ్లో మగవాళ్లు చీనీకాయల తోట చూసుకుంటూ ఉండిపోయారు. ఆ దేశంలో కొండ లేదు, గుట్ట లేదు. రొట్టెల పెనం లాగా చదునుగా ఉంటుంది, వేడీ అంతే. అక్కడొక ఆడపిల్లల సైకిల్ టీము, దాని వంటిల్లు మాది. టీము పెద్దాయన్ని మేము బాబా నాసర్ అనేవాళ్లం. ఆయన దయతలిచి పిల్లలకు కూడా వీసాలు తీయించాడు. పదేళ్ల పిల్లలు, టీము పాత సైకిళ్ల మీద బజారుకు వెళ్లి రొట్టెలు తెచ్చేవాళ్లు. చౌడి తెచ్చిన రొట్టె చేతికి కాలేది. హంస తెచ్చింది గోరువెచ్చగా ఉండేది. ఎవరు వేగమో నాకు అక్కడే తెలిసిపోయింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వేడి రొట్టె నేను తీసుకుని, గోరువెచ్చనిది మా అక్క పళ్లెంలో వేసేదాన్ని.

ఇరవై రెండేళ్లు వచ్చేసరికి ఇద్దరూ ఆ టీములోనే ఉన్నారు. ఏడాదికొకసారి ఆరు రోజుల పందెం జరిగేది. ఒక్కో రోజు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కాలి. అన్ని రోజుల సమయమూ కలిపి ఎవరిది తక్కువైతే వాళ్లకు బంగారు రంగు చొక్కా. కొండల్లేని దేశంలో సైకిల్ పందెమేమిటి, తాళ్లపాకలో తాళం వేసినంత తేలిక కదా అనుకున్నాను మొదట్లో. కాదు. అక్కడ గాలే కొండ. ఉత్తరం నుంచి షమాల్ అని ఒక గాలి వస్తుంది, ఇసుకను మొహాన కొడుతుంది. అది పక్క నుంచి కొట్టిందంటే పిల్లలు ఒకరి వెనక ఒకరు కాకుండా కొంగల బారులాగా ఏటవాలుగా తొక్కుతారు. ముందున్నది గాలికి అడ్డం. దాని పక్కన వెనగ్గా దాక్కున్నదానికి సుఖం. బారులో చోటు దొరక్క రోడ్డు అంచుకు నెట్టబడినదాని పని అంతే. టీములో కొందరి ఉద్యోగమే గాలికి అడ్డం ఉండడం. చొక్కా మాత్రం వెనక దాక్కున్నదానికి వస్తుంది.

ఆ ఏడాది డాక్టరమ్మ వచ్చింది. మార్తా అని, తెల్లమ్మాయి, ముక్కు మీద ఎండ కమిలిన మచ్చ. ఆమె గదిని ల్యాబు అనేవాళ్లు. నాకైతే మాంసం పెట్టే చల్లగదిలాగా ఉండేది. ఒకరోజు పిల్లలిద్దరినీ అక్కడ నిలబెట్టిన సైకిళ్ల మీద కూర్చోబెట్టింది. ఇద్దరి తొడలకూ వేలెడు వెడల్పున్న పట్టీ కట్టింది. హంసను తొక్కమంది. చౌడిని కాళ్లు వేలాడేసుకుని ఊరికే కూర్చోమంది. నేను టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

హంస పావుగంట తొక్కింది. అరగంట తొక్కింది. చెమట పోస్తోంది కానీ మొహంలో అలుపు లేదు. నాతో కబుర్లు చెబుతోంది. ఊరికే కూర్చున్న చౌడి మాత్రం పళ్లు బిగించింది. దాని పిక్కలు గిలగిల్లాడాయి. చివరికి, "అక్కా, చాల్లే, దిగు, నావల్ల కాదు" అని అరిచింది.

అలుపన్నది కాళ్లలో ఉండదట, తలకు కాళ్లు పంపే కబురట. ఆ కబురును దారిలో పట్టుకుని పక్కవాళ్లకు చేరేసేది పట్టీ. డాక్టరమ్మ ఇంతే చెప్పింది. ఇంకా ఏదో చెప్పింది కానీ నాకు వచ్చింది వంటింటి అరబ్బీ, నాలుగు ఇంగ్లీషు ముక్కలు. మా అక్కకు ఆ రెండూ రావు.

"సిస్టర్స్?" అని అడిగింది డాక్టరమ్మ, ఇద్దరి వైపూ వేలు చూపించి.

"ఎస్, ఎస్, సిస్టర్స్" అన్నాను.

అబద్ధం చెప్పాలని కాదు, ఒట్టు. అక్కచెల్లెళ్ల కడుపున పుట్టినవాళ్లు అక్కచెల్లెళ్లు కాక ఇంకేమవుతారు మనలో? పిల్లలను అడిగినా వాళ్లూ అదే చెప్పారు. దానికి వేరే మాట ఉంటుందని, ఆ తెల్లమ్మాయి లెక్కలో ఆ మాటకు ప్రాణమంత బరువు ఉంటుందని మాకెవరికీ తోచలేదు. ఆమె రాసుకుంది. పట్టీలు ఆ రాతను బట్టి సరిచేసింది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఇద్దరి అలుపూ ఒక్కరే మోయాలి కాబట్టి గట్టి గుండె ఉన్నది మోయాలట. గట్టి గుండె చౌడిది. అంటే గెలిచేది హంస.

ఆ మాట మా అక్కకు అనువదించి చెప్పడంలో నాకు కలిగిన సంతోషం దేవుడే చూశాడు.

"ఏందే ఓబులీ, నా బిడ్డకి బలముండేదే తప్పయిపాయనా?" అంది అక్క. చేతిలో గరిటె ఉంది. "గాలికి అడ్డం నా బిడ్డే, అలుపు మోసేది నా బిడ్డే, చొక్కా మాత్రం నీ బిడ్డకా?"

"నేనేం జేస్తునక్కా, డాక్టరమ్మ చెప్పె. సైన్సు."

"సైన్సంట! మూడో తరగతి సైన్సు!"

డాక్టరమ్మ పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఇంకో మాట గట్టిగా చెప్పింది. హంసకు తన అలుపు తనకు తెలియదు. గుండె పగిలిపోయేదాకా తొక్కేయగలదు. అది తెలిసేది చౌడికే. చౌడి ఆగమంటే హంస ఆగి తీరాలి. ఇద్దరూ తలలూపారు. ఆమె దగ్గర చేతిలో పట్టుకునే తెర ఒకటి ఉంది. అందులో హంసకొక గీత. పచ్చగా ఉంటే మేలు, ఎర్రబడితే కీడు. ఇదంతా పందెం పెద్దలకు తెలియకూడదు, నిక్కరు లోపల కట్టుకుంటే పట్టీ కనిపించదు అన్నాడు బాబా నాసర్.

మొదటి రోజు కోడి పులావు. హంస మూడోది వచ్చింది. రెండో రోజు రాగి సంగటి. ఎక్కడో ఎడారిలో రాగిపిండి సంపాదించాను చూడండి, నా బిడ్డ కోసం. ఆ రోజు హంస గెలిచింది, బంగారు చొక్కా తొడిగారు. టీవీలో దాని మొహం ఎంత పెద్దగా కనిపించిందో. నేను వంటింట్లో పళ్లెం మీద పళ్లెం కొట్టి నవ్వాను. మా అక్క ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు.

సాయంత్రం చౌడి వంటింటి గడప మీద కూలబడింది. పిక్కలు కట్టెల్లాగా బిగుసుకుపోయాయి. వాళ్లమ్మ ఆముదం రాస్తోంది. నా బిడ్డ స్నానం చేసి, జడ వేసుకుని, పాట కూనిరాగం తీస్తూ వచ్చింది.

"యక్కా, రేపు కొంచెం మెల్లగ తొక్కు" అంది చౌడి. "నీ కాళ్లు నా కాళ్లల్లో తొక్కుతాండాయి."

"నాకేం తెలుస్తాదే? నాకు పల్లకిలో కూచున్నట్టుండాది."

"పల్లకి మోసేదాన్ని నేను గదా, నన్నడుగు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకున్నది ఆ రోజు వరకే.

మూడో రోజు టమాటా పప్పు. డాక్టరమ్మ తెర పట్టుకుని వంటింట్లోకే వచ్చింది. గీత వంకరగా వస్తోందట, లెక్క కుదరడం లేదట. నన్ను పక్కకు పిలిచి తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "సేమ్ మదర్?" అని అడిగింది.

ఒక్క కడుపేనా?

నాకు అర్థమైంది. మొదటిసారి ఎక్కడ తప్పు దొర్లిందో కూడా ఆ క్షణంలోనే అర్థమైంది. నాలుగు అడుగుల దూరంలో మా అక్క పప్పు ఎనుపుతోంది. కాదు అన్నానంటే పట్టీలు విప్పేస్తారు. విప్పితే చొక్కా పోతుంది. పోతే, గోరువెచ్చని రొట్టె ఎవరిదో ప్రపంచానికంతా తెలిసిపోతుంది.

"ఎస్" అన్నాను. "సేమ్ మదర్. నేనే మదర్."

డాక్టరమ్మ మొహం విప్పారింది. అయితే కబురు సరిగ్గా అందడం లేదంతే, బలం పెంచితే సరిపోతుంది అని, తెర మీద ఏదో పైకి జరిపి వెళ్లిపోయింది.

"ఏమంటాదే ఆయమ్మ?" అని అడిగింది అక్క.

"ఉప్పు తక్కువయిందంట."

"నా పప్పులోనా?"

"నీ పప్పులోనే."

చూశారా, ఒక అబద్ధం చాల్లేదు నాకు.

నాలుగో రోజు మటన్. బలం పెంచారు కదా, అలుపుతోపాటు వేరేవీ జారడం మొదలుపెట్టాయి. కాలువ గండి పెద్దది చేస్తే నీళ్లొక్కటే వస్తాయా, చెత్తా వస్తుంది. హంస పందెం నుంచి వచ్చి ముక్క ముట్టుకోలేదు.

"మా, నాకు కుళ్లుగా ఉండాది" అంది.

"ఎవరి మీదే?"

"అదే తెలీడంలా. ఈడ," అని రొమ్ము చూపించింది, "మంటగా ఉండాది. ముందు నేనే, చొక్కా నాదే, ఇంగ ఎవరి మీద కుళ్లుకోవాల నేను?"

నేను ఆలోచించలేదు. "అది నీది కాదు, చౌడిది" అన్నాను. "పట్టీలోనుంచి వస్తాండాది. అది నీ మీద ఏడుస్తాంది. పట్టించుకోగాకు."

గిన్నెలు కడిగే చోట చౌడి నన్ను పట్టుకుంది. దానికి నిలబడే ఓపిక లేదు, గోడకు ఆనుకుని నిలబడింది.

"చిన్నమ్మా, అక్కకి నా మీద అంత కుళ్లు ఎందుకు? ఈ పొద్దు పట్టీ కట్టుకున్నప్పటి నుంచి నా ఎదలో మండుతాంది. నేనేం జేస్తి దాన్ని?"

అప్పుడు నాకు తెలిసింది. ఆ మంట ఇద్దరిలోనూ ఉంది. ఇద్దరూ ఎదుటిదానిది అనుకుంటున్నారు. ఎవరిలో మొదలైందో ఎవరూ చెప్పలేరు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతూ పెరుగుతోంది. హంసకు చెప్పిన మాట చౌడికి చెప్పలేకపోయాను. "అలిసిపోయుండావులే, తిని పడుకో" అన్నాను.

ఐదో రోజు చిత్రాన్నం. ఇద్దరూ మాట్లాడుకోలేదు. బల్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. పందెంలో పిల్లలు దారిలో తినడానికి బెల్లం కలిపిన అన్నం ముద్దలు చేసి కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లం. ఆ రోజు హంస మా అక్క చేసిన ముద్దలు వద్దంది, నావి మాత్రమే తీసుకుంది. అదీ నాకు సంతోషమే అయింది. దాని ఆధిక్యం పదకొండు సెకన్లు. ఇంకొక్క రోజు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ చౌడి పల్స్ చూస్తూ, మీ అమ్మ వంట బాగుంటుంది, ఓబులమ్మ పులావు నాకు ఇష్టం అందట. చౌడి ఇంగ్లీషు బాగా మాట్లాడేది. వచ్చి వాళ్లమ్మతో చెప్పింది. మా అక్క పొయ్యి ఆపింది. పొయ్యి ఆపి మాట్లాడిందంటే మా అక్క నిజంగా మాట్లాడుతోందని అర్థం.

"నా బిడ్డను నీ బిడ్డని చెప్పినావా?"

"అక్కా, అది..."

"పందొమ్మిది గంటలు నొప్పులు పడితినే దానికి. నువ్వు పక్కనే ఉంటివి, వేడినీళ్లు నువ్వే పెడితివి. ఎత్తుకుపోవాలంటే గాజులు ఎత్తుకుపో, చీర ఎత్తుకుపో. బిడ్డను నోటితోనే ఎత్తుకుపోతివా?"

"రేపొక్క దినమక్కా. రేపటితో అయిపోతాది. అయినంక చెప్తా."

"నాకు బాస వచ్చింటే ఇప్పుడే చెప్పుందును" అని చౌడి వైపు తిరిగింది. "నీకు వచ్చు గదే. పో, చెప్పు."

"నేను చెప్తే కుళ్లుతో చెప్పిందంటారు మా" అంది చౌడి. "చిన్నమ్మే చెప్పాల." అని నా వైపు చూసింది. నేను అన్నం వారుస్తున్నట్టు అటు తిరిగాను.

ఆరో రోజు ఏమీ వండలేదు. మిగిలిన రొట్టెలే. తెల్లారేసరికే షమాల్ లేచింది. మా అక్కచెల్లెళ్లిద్దరినీ నీళ్ల సీసాలు అందించడానికి టీము కారులో వెనక సీటులో కూర్చోబెట్టారు. ముందు బాబా నాసర్ నడుపుతున్నాడు. పక్కన తెర పట్టుకుని డాక్టరమ్మ. పిల్లల చెవుల్లో రేడియోలు ఉంటాయి, వాళ్ల మాట కారులో వినిపిస్తుంది.

గాలి ఎడమ నుంచి కొడుతోంది. ఊరు దాటగానే బారు తెగింది, మళ్లీ తెగింది. ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉండగా ముందు మిగిలింది మా పిల్లలిద్దరే. ఎడమ పక్కన ముందు చౌడి, గాలంతా దాని మీదే. కుడి పక్కన కొంచెం వెనగ్గా హంస, బంగారు చొక్కా మెరుస్తోంది. రోడ్డుకు అవతల ఇసుక. ఇసుక తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు రేడియోలో చౌడి గొంతు వచ్చింది. "యక్కా, ఆగు. వేగం తగ్గించు."

"నాకేం కాలా" అంది హంస.

"నీకు తెలీదక్కా. నాకు తెలుస్తాంది. నీ గుండె యాడో తప్పుతాంది. కొట్టుకోవాల్సిన చోట కొట్టుకోవడంలే. ఆగక్కా, నీకు దండం పెడతా."

"నాకు తెలుసే నీ సంగతి. మా అమ్మ చెప్పిందిలే. నేను గెలిచేది నువ్వు ఓర్చుకోలేవు. మూడు దినాల నుంచి నీ కుళ్లు నా ఎదలో మోస్తాండా."

"నా కుళ్లా? నీదే గదా నేను మోసేది!"

ఆ తర్వాత చౌడి ఇంగ్లీషులో డాక్టరమ్మకు చెప్పింది, ఆపమని. డాక్టరమ్మ తెర చూసింది. గీత పచ్చగా ఉంది. బాబా నాసర్ నవ్వి, "హసద్" అన్నాడు. అసూయ అని వాళ్ల మాట. హంస చెవిలోంచి రేడియో పీకి పారేసింది. పెడళ్ల మీద లేచి నిలబడి ఇంకా వేగంగా తొక్కుతోంది.

డాక్టరమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె ఇంగ్లీషులో ప్రతి మాటా నాకు అర్థమైంది, అర్థం కాకపోతే బాగుండేది. "నువ్వు తల్లివి. ఇద్దరూ నీ కడుపున పుట్టినవాళ్లే. ఎవరు చెప్పేది నిజం?"

నేనేం అనుకున్నానో దాచకుండా చెబుతాను. మొదట, చౌడిది కుళ్లే అనుకున్నాను. ఎందుకంటే దాని స్థానంలో నేనుంటే నాకు కుళ్లే ఉండేది. నేను దాని స్థానంలోనే పుట్టాను, యాభై ఏళ్లు అక్కడే ఉన్నాను. మా అక్కను గెలవనివ్వకుండా ఆపే వీలుంటే నేను గుండె పేరు చెప్పి ఆపేదాన్ని కానూ? అందరూ నాలాంటివాళ్లే అనుకోవడం కుళ్లుబోతుల గుణం.

మా అక్క నా మణికట్టు పట్టుకుంది. దానికి భాష రాదు. కానీ ఏం అడిగారో దానికి తెలుసు. "నీ బిడ్డే అది" అంది. "నా బిడ్డ గెలవలేదని కాదు. నీ బిడ్డ పోతాదే ఓబులీ. చెప్పు."

"నో సేమ్ మదర్" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఇంకోసారి అరిచాను. "నో సేమ్ మదర్! ఈమె చౌడి మదర్. నేను హంస మదర్. రెండు కడుపులు!"

డాక్టరమ్మ తెర మీద ఏదో వేలితో కిందికి లాగింది. అంతే. పచ్చగా ఉన్న గీత ఎర్రబడింది. ఇప్పుడు కొత్తగా ఎర్రబడింది కాదు, రెండు రోజుల నుంచీ ఎర్రగానే ఉందట. మేం ఒకే కడుపు కొలతతో చూస్తూ పచ్చ అనుకున్నాం.

ఆమె హంసను పిలుస్తోంది. హంస చెవిలో రేడియో లేదు. పట్టీని ఒక్కసారిగా ఆపేస్తే ఆరు రోజుల అలుపూ ఒక్క దెబ్బన మీదపడుతుంది, మెల్లగా దించాలి, ముందు సైకిల్ ఆగాలి అంటోంది. కారు ముందుకు పోదామంటే పందెంవాళ్ల మోటారు సైకిళ్లు అడ్డం.

నేను రేడియో లాక్కున్నాను. "చౌడీ, నువ్వు చెప్పింది నిజమే తల్లీ. దాన్ని ఆపు."

"ఎట్ల ఆపేది చిన్నమ్మా? అది వినడంలే."

"ఎట్లనో ఒకట్ల ఆపు. నేను చెప్తాండా. ఆపు."

తర్వాత అది మా కళ్లముందే జరిగింది. చౌడి కొంచెం వెనక్కి తగ్గి, నా బిడ్డ పక్కకు వచ్చి, కుడిచెయ్యి తీసి దాని భుజం మీద వేసింది. ఒక్క తోపు తోసింది. బంగారు చొక్కా రోడ్డు దాటి ఇసుకలో పడి దొర్లింది.

లోకమంతా టీవీలో చూసింది అదే.

ఇసుక మెత్తగా ఉండబట్టి ఎముక విరగలేదు. డాక్టరమ్మ పరిగెత్తుకెళ్లి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని పట్టీ బలం కొంచెం కొంచెంగా తగ్గించింది. ఇంకో రెండు కిలోమీటర్లు తొక్కి ఉంటే నీకు బిడ్డ ఉండేది కాదు అంది నాతో. ఆ తర్వాత రెండు పట్టీలూ కత్తిరించి సంచిలో వేసుకుంది. ఆ మధ్యాహ్నమే విమానం ఎక్కి వెళ్లిపోయింది. ఏ దేశం వెళ్లిందో ఈనాటికీ తెలియదు. ఆ రోజు పందెం ఎవరు గెలిచారో మాత్రం నాకు గుర్తులేదు. నేను గుర్తు పెట్టుకోని ఒకే ఒక్క సంగతి అది.

ఆసుపత్రిలో హంస కళ్లు తెరిచి ముందు పిలిచింది, "పెద్దమ్మా" అని. మా అక్క గంజి తాగించింది. నా చేత్తో ఇస్తే మొహం తిప్పుకున్నది, అక్క చేత్తో తాగింది. నా మాట విని గుండె పాడుచేసుకున్నానని దానికి తెలిసింది. గుమ్మంలో నిలబడి చూస్తుంటే అప్పుడు కూడా, చూడండి నా గుణం, అప్పుడు కూడా మా అక్క మీద నాకు కుళ్లు పుట్టింది. నేను వెళ్లి బయట బెంచీ మీద ఒంటరిగా ఉన్న చౌడి పక్కన కూర్చున్నాను. దాని పిక్కలు ఒళ్లో పెట్టుకుని పిసికాను. అది వద్దనలేదు.

పందెం అయిన నాలుగో రోజున పందెం పెద్దలు విచారణకు పిలిచారు. పొడుగాటి బల్ల, ముగ్గురు మగవాళ్లు, రాసుకునేవాడొకడు. నేను ముందే లేచి పట్టీ సంగతి, కడుపుల సంగతి, ఆపమని రేడియోలో చెప్పింది నేనేనన్న సంగతి, అన్నీ నా వంటింటి అరబ్బీలో చెప్పాను. బాబా నాసర్ అలాంటి పట్టీ ఎప్పుడూ చూడలేదన్నాడు. "ఈమె మా వంటమనిషి, మంచిది, చదువు లేదు" అన్నాడు. పట్టీ ఏదీ అని అడిగారు. నా దగ్గర ఏముంది చూపించడానికి?

అప్పుడు పెద్దాయన చౌడిని అడిగాడు. "ఆమె మీద నీకు అసూయ ఉండిందా?"

లేదు అను తల్లీ, అని నేను మనసులో ఎన్ని దేవుళ్లకు మొక్కానో. ఒక్క మాట. నేనైతే కన్ను ఆర్పకుండా అనేదాన్ని.

"ఉండింది" అంది చౌడి.

నేను లేచి నిలబడ్డాను. "లాకిన్" అన్నాను. కానీ, అని. ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా రాకముందే రాసుకునేవాడు కలానికి మూత పెట్టేశాడు.

అసూయతో తోసిందని రాశారు. బతికినన్నాళ్లు ఏ పందెంలోనూ తొక్కకూడదని రాశారు. హంస గుండెకు ఎలాగూ ఇంక పందెం లేదు. నలుగురమూ ఒకే విమానంలో ఊరికి వచ్చేశాం. ఆ ప్రయాణంలో నేను చౌడిని అడిగాను.

"ఎందుకే అవునంటివి? లేదంటే ఏం పోయింది? నువ్వు దాన్ని బతికించడానికి గదా తోసింది?"

అది కిటికీలోంచి చూస్తూ మెల్లగా చెప్పింది. "ఉండింది గదా చిన్నమ్మా. పట్టీలోది కాదు, అక్కది కాదు, నా సొంతం కుళ్లు ఉండింది. భుజం మీద చెయ్యేసినప్పుడు కూడా ఉండింది. పడుతాందే, చొక్కా పోతాందే అని ఒక పక్క సంతోషంగానే ఉండింది. ఆ గుండె ఆగిపోతే నేనూ బతకలేనని ఇంకో పక్క. రెండూ ఒకే చేతిలో ఉండె. ఒకటి ఉండాదని ఇంకోటి లేదని ఎట్ల చెప్పేది?"

వెనక సీటులో హంస నిద్రపోతోంది అనుకున్నాను. నిద్రపోలేదు. సీట్ల సందులోంచి చెయ్యి పెట్టి చౌడి జడ పట్టుకుని లాగింది, చిన్నప్పుడు లాగినట్టు. "నోరు మూసుకో కొంచెంసేపు, గుండె జబ్బుదాన్ని నిద్రపోనీ" అంది. ఇద్దరూ ఏడ్చారు. మా అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, కానీ కుర్చీ చేతి మీద మోచేతులు తగులుతూనే ఉన్నాయి.

ఇదమ్మా జరిగింది. ఇప్పుడు నాకొక మాట ఇవ్వండి. నేను పోయాక చౌడేశ్వరి పేరు ఎక్కడైనా వస్తే, అక్కను ఇసుకలోకి తోసినదే కదా అని ఎవరైనా అంటే, మీరు కూర్చోబెట్టి ఇదంతా చెప్పండి. దాన్ని దేవతను చెయ్యకండి, దానికి కుళ్లు ఉండింది, ఉండిందనే చెప్పండి. నా అబద్ధాలు రెండూ చెప్పండి, ఉప్పు సంగతితో సహా. అన్నీ చెప్పి, "కానీ" అనండి. అక్కడ ఆగిపోవద్దు. ఆ బల్ల దగ్గర నన్ను చెప్పనివ్వనిది ఆ తర్వాతదే.